డిజిటల్ వెల్‌బీయింగ్ సమీక్ష: పన్నెండు కొట్టగానే గేటు తీసేసే వాచ్‌మన్

ఆండ్రాయిడ్ ఫోన్‌తో పాటే వచ్చే డిజిటల్ వెల్‌బీయింగ్‌కు పైసా ఖర్చు లేదు. ప్రకటనలు రావు, చాలా ఫోన్లలో డౌన్‌లోడ్ చేసుకునే పని కూడా ఉండదు. గూగుల్ దీన్ని 2018లో, ఆండ్రాయిడ్ 9 రోజుల్లో తెచ్చింది. సెట్టింగ్స్‌లో కిందికి జరుపుకుంటూ పోతే ‘డిజిటల్ వెల్‌బీయింగ్ అండ్ పేరెంటల్ కంట్రోల్స్’ అని కనిపిస్తుంది. హాస్టల్ విద్యార్థులు దీని దగ్గరికి వచ్చేది దాదాపు ఎప్పుడూ ఒకే కారణంతో: రాత్రి ఒంటిగంటన్నర దాకా ఫోన్, పొద్దున ఫస్ట్ పీరియడ్ పోవడం, మధ్యాహ్నం క్లాసులో కునుకు. చాలామంది వచ్చినంత వేగంగానూ వదిలేస్తారు. వాళ్లకు పట్టుదల లేదని కాదు. ఇందులో ఉన్న నాలుగు పనిముట్లలో అందరి చేయీ ముందు యాప్ టైమర్ మీదికి పోతుంది. హాస్టల్ రాత్రికి పనికిరానిది సరిగ్గా అదే.

ఇన్‌స్టాగ్రామ్‌కు 45 నిమిషాల టైమర్ పెట్టారనుకోండి. పగలు క్లాసుల మధ్య, మెస్ క్యూలో, బస్సులో కలిపి అది రాత్రి తొమ్మిదింటికల్లా అయిపోతుంది. యాప్ మూసుకుపోతుంది, ఐకాన్ బూడిద రంగులోకి మారుతుంది, నోటిఫికేషన్లు ఆగుతాయి. ఇక్కడిదాకా బాగుంది. కానీ ఈ టైమర్‌కు రోజంటే క్యాలెండర్ రోజు. అర్ధరాత్రి 12 కాగానే లెక్క సున్నాకు వస్తుంది, ఐకాన్‌కు రంగు తిరిగొస్తుంది. హాస్టల్లో ఆ వేళకు ఎవరు పడుకున్నారు గనక? అసలు ఆపాల్సిన గంట మొదలయ్యే సమయానికి చేతిలో కొత్తగా 45 నిమిషాలు పెట్టి పంపిస్తుందన్నమాట. తొమ్మిదింటికి గేటు వేసి, పన్నెండింటికి తనే తీసి కూర్చునే వాచ్‌మన్‌ను ఏ వార్డెనూ పెట్టుకోడు.

నష్టం అక్కడితో ఆగదు. 12:00 నుంచి 12:45 దాకా చూసింది రేపటి కోటాలోంచి పోయింది. రేపు పొద్దున మెస్‌లో ఇడ్లీ ముందు కూర్చుని యాప్ తెరిస్తే ‘ఈ రోజుకు అయిపోయింది’ అంటుంది. జీతం అడ్వాన్సుగా వాడేసుకున్న నెల లాగా ఆ రోజంతా కటకటే. రెండు రోజులు ఇలా గడిచాక చేసే పని అందరికీ తెలిసిందే: సెట్టింగ్స్‌లోకి వెళ్లి టైమర్‌ను 45 నుంచి గంటన్నరకు పెంచడం, లేదా తీసేయడం. తీసేయడానికి పిన్ అడగదు, కారణం అడగదు. మూడు నొక్కుల పని.

అందుకే హాస్టల్లో ఉండేవాళ్లకు చెప్పేది ఇది: నిమిషాలు లెక్కపెట్టే పనిముట్టును వదిలి, గడియారం చూసి పనిచేసే పనిముట్లను పట్టుకోండి. అవి రెండు, బెడ్‌టైమ్ మోడ్, ఫోకస్ మోడ్. వాటికి ‘ఎంతసేపు’ అన్న ప్రశ్న లేదు, ‘ఎప్పుడు’ అన్నదే ఉంది. రాత్రి సమస్య కూడా ఎప్పుడు అన్నదే.

ఎందుకంటే ఆ వేళ ఫోన్ పట్టుకోవడంలో సరదా కంటే వేరే లెక్క ఉంది. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగున్నర దాకా టైమ్‌టేబుల్ కాలేజీది. ఆ తర్వాత ల్యాబ్ రికార్డు, అసైన్‌మెంటు, మెస్ వేళలు, కొందరికి పార్ట్‌టైమ్ పని. పదకొండు తర్వాతి గంటే ఎవరూ అడగని గంట. పగలంతా కాలేజీది, రాత్రి నాది అన్న పంతం అందులో ఉంటుంది. పగలు ఎంత బిగిస్తే రాత్రి అంత సాగుతుంది. దీనికి శరీరం కూడా తోడవుతుంది. ఇరవై ఏళ్ల దగ్గర ఒంట్లోని గడియారం చిన్నప్పటికంటే, నడివయసులో కంటే ఆలస్యంగా నడుస్తుంది. పదింటికి నిద్ర రాకపోవడం ఆ వయసులో తప్పేమీ కాదు. పొద్దున క్లాసు మాత్రం వయసు చూడదు. 18 నుంచి 25 ఏళ్ల వారికి 7 నుంచి 9 గంటల నిద్ర కావాలన్నది నిపుణుల మాట. 7:30కి లేవాలంటే 12:30 తర్వాతి ప్రతి నిమిషమూ కనీసం కావాల్సిన ఆ 7 గంటల్లోంచే పోతోందని అర్థం. జేఎన్‌టీయూ పద్ధతిలో 75 శాతం అటెండెన్స్ గీత ఉన్న చోట వరసగా ఫస్ట్ పీరియడ్లు పోతే ఆ లెక్క కండోనేషన్ ఫీజు, అంటే అటెండెన్స్ తగ్గినందుకు కట్టే ఫీజు, దాకా వెళ్తుంది.

ముందు డ్యాష్‌బోర్డ్ చూద్దాం. ఈ ఉత్పత్తిలో నిజంగా మెచ్చుకోదగ్గ భాగం అదే. పైన గుండ్రటి బొమ్మలో ఈ రోజు ఏ యాప్ ఎంతసేపు వాడారో, కింద ఎన్నిసార్లు అన్‌లాక్ చేశారో, ఎన్ని నోటిఫికేషన్లు వచ్చాయో చూపిస్తుంది. అందరి కళ్లూ గంటల మీదే ఆగుతాయి. గంటలు అంత నమ్మదగ్గవి కావు: యూట్యూబ్‌లో థర్మోడైనమిక్స్ లెక్చర్ గంట విన్నా గంటే, రీల్స్ గంట చూసినా గంటే. అన్‌లాక్‌ల సంఖ్య ఎక్కువ చెబుతుంది. రోజుకు 100 అన్‌లాక్‌లు అంటే 16 గంటల మెలకువలో దాదాపు ప్రతి పది నిమిషాలకు ఒకసారి చెయ్యి జేబులోకి పోయిందని. చదివే పుస్తకం మీద దాని దెబ్బ రీల్స్ గంట కంటే పెద్దది. ఆ చెయ్యి వేయించేది ఎవరో తెలియాలంటే డ్యాష్‌బోర్డ్‌లో స్క్రీన్ టైమ్ బదులు ‘నోటిఫికేషన్స్ రిసీవ్డ్’ ఎంచుకుని చూడండి. తరచుగా పైన కనిపించేది ఇన్‌స్టా కాదు, వాట్సాప్. అందులోనూ ‘ఇవాళ క్లాస్ ఉందా లేదా’ అని వందమంది అడిగే సెక్షన్ గ్రూపు. దాన్ని మ్యూట్ చేసి, సీఆర్ (క్లాస్ రిప్రజెంటేటివ్) మాత్రమే రాసే అనౌన్స్‌మెంట్ గ్రూపును వదిలేస్తే ఒక్క దెబ్బతో అన్‌లాక్‌లు తగ్గుతాయి. దీనికి టైమర్లతో పనే లేదు.

డ్యాష్‌బోర్డ్‌కూ అర్ధరాత్రి జబ్బు కొంత ఉంది. సోమవారం రాత్రి 11 నుంచి 1:30 దాకా ఒకే బిగిన చూసినా అది సోమవారం ఖాతాలో గంట, మంగళవారం ఖాతాలో గంటన్నరగా విడిపోతుంది. రెండు రోజులూ పరవాలేదన్నట్టే కనిపిస్తాయి. అందుకని ఒక రోజు బొమ్మ చూసి సంతోషపడొద్దు. ఏమీ మార్చకుండా ముందు ఒక వారం వదిలేసి, ఆ వారం బార్లన్నీ కలిపి చూడండి. పక్కనే ఒక కాగితం మీద ఫోన్ కింద పెట్టిన టైమ్, లేచిన టైమ్ రాసుకుంటే చాలు. శనివారం, ఆదివారం లేచే టైమ్ మిగతా రోజులకంటే రెండు గంటలు దాటి జరిగిందంటే సోమవారం పొద్దుటి తలబరువుకు కారణం అక్కడే దొరుకుతుంది.

ఇక బెడ్‌టైమ్ మోడ్. పడుకునే వేళకు తెర రంగులు తీసేసి, ఫోన్ మోగకుండా చేసేది ఇది. దీన్ని రెండు రకాలుగా ఆన్ చేయొచ్చు: షెడ్యూల్ ప్రకారం, లేదా ‘వైల్ ఛార్జింగ్’, అంటే మీరు ఇచ్చిన వేళల మధ్య ఛార్జర్ పెడితేనే. రెండోది వినడానికి తెలివైనదిలా ఉంటుంది. హాస్టల్లో మాత్రం దాన్ని ముట్టుకోవద్దు. ముగ్గురికి రెండు సాకెట్లున్న గదిలో ఫోన్ ఛార్జింగ్‌లో ఎప్పుడుంటుందో చెప్పలేం. కరెంటు పోతే మోడ్ కూడా పోతుంది. అన్నిటికీ మించి, వైరు పీకితే చాలు రంగులు తిరిగొస్తాయి. మంచం మీదికి ఫోన్ తెచ్చుకోవడానికి అదే పిలుపు. షెడ్యూల్ ఎంచుకోండి. రాత్రి 11:30కి పడుకోవాలనుకుంటే మోడ్‌ను 10:45కి మొదలుపెట్టండి, 11:30కి కాదు. ముప్పావుగంట ముందు తెర రంగు మారితే చూస్తున్నది ముగించుకునే వ్యవధి ఉంటుంది. సరిగ్గా పడుకునే నిమిషానికి పెడితే అది అడ్డంకిలా తోస్తుంది, చెయ్యి నేరుగా ‘పాజ్’ మీదికి పోతుంది.

లోపల ‘కస్టమైజ్’లో గ్రేస్కేల్ ఆన్ చేయండి. తెర నలుపు తెలుపవుతుంది. ఇది ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ పనిచేయదు అన్నది తెలుసుకోవాలి. రీల్స్, షాపింగ్ యాప్‌లు, రంగుల మీద బతికే ఆటలు వెలవెలబోతాయి. ఎర్ర చుక్క నోటిఫికేషన్ బూడిద చుక్కైపోతుంది. అక్షరాల మీద నడిచే వాటికి మాత్రం చీమ కుట్టినట్టయినా ఉండదు. చాటింగ్, క్రికెట్ స్కోరు, నవలలు, ప్రేమ కబుర్లు నలుపు తెలుపులోనూ అంతే తియ్యగా ఉంటాయి. మీ రాత్రిని మింగేది చాటింగే అయితే గ్రేస్కేల్ మీద ఆశ పెట్టుకోకండి.

కాల్స్, నోటిఫికేషన్లు మోగకుండా ఆపే డు నాట్ డిస్టర్బ్ ఇదే మోడ్‌తో పాటు ఆన్ అవుతుంది, ఇంట్లోవాళ్లతో గొడవ మొదలయ్యేదీ ఇక్కడే. ‘పదకొండింటికి ఫోన్ చేస్తే ఎత్తలేదు’ అని అమ్మ కంగారు పడ్డాక మొత్తం పీకేస్తారు. దానికి ముందే కాల్స్ సెట్టింగ్‌లో ‘స్టార్డ్ కాంటాక్ట్స్’ మాత్రమే అనుమతించి, కాంటాక్ట్స్‌లో అమ్మ, నాన్న, ఒక రూమ్‌మేట్ పేర్లకు స్టార్ పెట్టండి. ‘రిపీట్ కాలర్స్’ ఆన్ చేస్తే అదే మనిషి 15 నిమిషాల్లో రెండోసారి చేసిన కాల్ కూడా మోగుతుంది. నిజంగా అవసరమైనవాళ్లు రెండోసారి చేస్తారు. అలారం మామూలుగా మోగుతుంది, దానికి భయం లేదు. అమెరికాలో చదివే మన పిల్లలకు ఈ సెట్టింగ్ ఇంకా ముఖ్యం. న్యూజెర్సీలో వేసవి రాత్రి 11 అంటే ఇక్కడ పొద్దున 8:30. పూజ, టిఫిన్ అయ్యి ఇంట్లోవాళ్లు తీరిగ్గా ఫోన్ పట్టుకునే వేళ అదే. అక్కడికి వచ్చే కాల్స్ ఎక్కువగా వాట్సాప్‌లో వస్తాయి కాబట్టి, పెట్టిన సెట్టింగ్‌లో వాట్సాప్ కాల్ మోగుతోందో లేదో ఒకసారి చేయించి చూసుకోండి. లేకపోతే ఆ యాప్‌కు డు నాట్ డిస్టర్బ్‌లో విడిగా అనుమతి ఇవ్వాలి.

గేటుకు అసలు తాళం ఫోకస్ మోడ్. ఎంచుకున్న యాప్‌లను అది పూర్తిగా ఆపుతుంది. తెరుచుకోవు, నోటిఫికేషన్ రాదు. దీనికి రోజులు, వేళలతో షెడ్యూల్ పెట్టొచ్చు. హాస్టల్‌కు సరిపడేది రాత్రి 10:45 నుంచి పొద్దున 6 దాకా. అర్ధరాత్రి దాటి కూడా తాళం ఉందో లేదో మొదటి రాత్రి 12:05కి ఒక్కసారి చూడండి. ఐకాన్లు బూడిద రంగులోనే ఉంటే సరే, ఇక చూడనక్కర్లేదు. ఇందులో వేయాల్సినవి మూడు నాలుగు యాప్‌లే: రీల్స్ వచ్చేవి, వీడియోలు, ఆట ఒకటి ఉంటే అది. ఉత్సాహంలో పది యాప్‌లు వేస్తే మొదటి రోజే ఏదో అవసరమైంది ఆగుతుంది, ఆ ఒక్కదాని కోసం మొత్తం ఆపేస్తారు. వాట్సాప్, యూపీఐ, మ్యాప్స్, క్యాబ్ యాప్ అందులో వేయొద్దు. యూట్యూబ్‌లో పాఠాలు వినేవాళ్లకు ఒక చిక్కుంది: అది పాఠమూ కాగలదు, పాతాళమూ కాగలదు. కావాల్సిన లెక్చర్‌ను సాయంత్రమే ల్యాప్‌టాప్‌లో పెట్టుకుని, ఫోన్‌లో యూట్యూబ్‌ను తాళంలో వేయడమే మార్గం.

ఫోకస్ మోడ్‌లో ‘టేక్ ఎ బ్రేక్’ అని 5, 15, 30 నిమిషాల మినహాయింపు ఉంటుంది. దీన్ని లోపమనేవాళ్లున్నారు. నిజానికి ఇదే దీన్ని బతికిస్తోంది. టైమర్‌ను పెంచడం అంటే నియమాన్ని మార్చడం, రేపటికీ అదే నిలుస్తుంది. బ్రేక్ తీసుకోవడం అంటే ఈ ఒక్కసారికి సెలవు చీటీ. అయిపోగానే తలుపు మళ్లీ మూసుకుంటుంది. 5 నిమిషాలదే నొక్కండి. 30 నొక్కే రాత్రులు వారంలో రెండు దాటితే, మీరు పెట్టిన 10:45 మీ రోజుకు సరిపోవడం లేదని అర్థం. దాన్ని 11:15కి జరపండి, నిలబడే నియమమే మంచిది.

యాప్ టైమర్‌ను పూర్తిగా చెత్తబుట్టలో వేయనక్కర్లేదు. పగటి పూట వాడకానికి, ముఖ్యంగా ఒకే యాప్ పట్టి పీడిస్తుంటే, అది పనిచేస్తుంది. రాత్రి ఫోకస్ మోడ్ కాపలా ఉంటే అర్ధరాత్రి రీసెట్‌తో నష్టం ఉండదు. ఒక చిల్లు మాత్రం పూడ్చాలి. యాప్ మూసుకోగానే క్రోమ్‌లో అదే సైట్ తెరిచే అలవాటు ఎంత త్వరగా వస్తుందో ఆశ్చర్యం. డ్యాష్‌బోర్డ్‌లో క్రోమ్ మీద నొక్కి ‘షో సైట్స్’ ఆన్ చేస్తే సైట్లకు కూడా టైమర్ పెట్టొచ్చు. ఇన్‌కాగ్నిటోలో, అంటే హిస్టరీ మిగలని విండోలో, తెరిచిన వాటిని అది లెక్కలోకి తీసుకోదు. ఫోన్‌లో ఇంకో బ్రౌజర్ ఉంటే దాన్ని తీసేయండి.

ఇది చూడలేనివి చాలా ఉన్నాయి. ల్యాప్‌టాప్‌లో సినిమా చూస్తే లెక్కకు రాదు. పక్క మంచం మీది కుర్రాడు స్పీకర్‌లో పెట్టిన ఐపీఎల్ లెక్కకు రాదు. రాత్రి ఎనిమిదింటికి తాగిన ఎనర్జీ డ్రింక్ లెక్కకు రాదు, మరి నిద్ర మీద దాని చెయ్యి చిన్నదేమీ కాదు. మన ఆహార నిబంధనల ప్రకారం వాటిలో లీటరుకు 300 మిల్లీగ్రాముల దాకా కెఫీన్ ఉండొచ్చు, అంటే 250 మిల్లీలీటర్ల సీసాలో 75 దాకా. ఒంట్లో చేరిన కెఫీన్ సగానికి తగ్గడానికి దాదాపు 5 గంటలు పడుతుంది. ఎనిమిదింటికి తాగితే ఒంటిగంటకు ఇంకా సగం రక్తంలో తిరుగుతూనే ఉంటుంది. అప్పుడు పడుకుని, నిద్ర రాక ఫోన్ తీసి, ‘ఈ యాప్ పనిచేయట్లేదు’ అంటే పాపం అది ఏం చేస్తుంది. సాయంత్రం నాలుగు తర్వాత కెఫీన్ మానేసి ఒక వారం చూడండి. పసుపు తెర, అంటే నైట్ లైట్ మీద కూడా పెద్ద నమ్మకం పెట్టుకోనక్కర్లేదు. వెలుతురు పాత్ర కొంత ఉంది. కానీ నిద్రను వెనక్కి నెట్టేది ప్రధానంగా తెర రంగు కాదు, తెర మీద తర్వాత ఏముందో అన్న ఆత్రం. పసుపు రంగులో చూసినా రీల్ రీలే.

ఫోన్‌ను బట్టి పేర్లు, చోట్లు మారతాయి. శాంసంగ్‌లో బెడ్‌టైమ్ పని ‘మోడ్స్ అండ్ రొటీన్స్’లో ‘స్లీప్’ పేరుతో ఉంటుంది. కొత్త పిక్సెల్ ఫోన్లలో కూడా అది ‘మోడ్స్’ కిందికి మారింది. ఐఫోన్‌లో దీని జోడీ స్క్రీన్ టైమ్, అదీ 2018లోనే ఐఓఎస్ 12తో వచ్చింది. అక్కడి యాప్ లిమిట్స్ కూడా అర్ధరాత్రికే రీసెట్ అవుతాయి. కాబట్టి అక్కడా ‘డౌన్‌టైమ్’ షెడ్యూలే వాడండి. ఐఫోన్‌కు ఉన్న పెద్ద మేలు పాస్‌కోడ్. నాలుగంకెల కోడ్‌ను రూమ్‌మేట్‌తో పెట్టించి, మీరు చూడకుండా ‘బ్లాక్ ఎట్ డౌన్‌టైమ్’ ఆన్ చేయిస్తే రాత్రి ఒంటిగంటకు అతన్ని నిద్ర లేపి అడగాల్సిందే. అడగాలంటే సిగ్గేస్తుంది, ఆ సిగ్గే తాళం. ఆండ్రాయిడ్‌లో పెద్దవాళ్లు తమ ఫోన్‌కు తాము ఇలా తాళం వేసుకునే ఏర్పాటు చాలా ఫోన్లలో ఇందులో లేకపోవడం పెద్ద లోటు.

దీనితో తీరని పరిస్థితి ఒకటుంది, దాన్ని గుర్తుపట్టడం ముఖ్యం. ఫోన్ పక్కన పెట్టగానే సప్లీలు, అప్పు, ఇంటి గొడవ, ఎవరో అన్న మాట వరసగా కళ్ల ముందు తిరిగేవాళ్లకు రీల్స్ వినోదం కాదు, చెవులు మూసుకోవడం. వాళ్ల ఫోన్‌కు తాళం వేస్తే చెవులు తెరుచుకుంటాయి అంతే. నిద్ర పట్టకపోవడం వారానికి కనీసం మూడు రాత్రులు, మూడు నెలలుగా సాగుతోందంటే అది ఫోన్ అలవాటు కాదు, నిద్రలేమి. దానికి ముందుగా ఇచ్చే చికిత్స మాత్ర కాదు, సీబీటీ అనే మాటల చికిత్స. అందులో ఒక అంగం ఇంట్లోనూ చేయొచ్చు: ఇరవై నిమిషాలైనా నిద్ర రాకపోతే మంచం దిగి, మసక వెలుతురులో కూర్చుని, కళ్లు బరువెక్కాకే మళ్లీ మంచమెక్కడం. హాస్టల్లో మంచమే కుర్చీ, మంచమే డైనింగ్ టేబుల్ కాబట్టి ఇది కష్టం. కనీసం చదువు, తిండి, ఫోన్ మూడూ బల్ల మీదికి మార్చినా తేడా తెలుస్తుంది. మనసు బరువుగా ఉన్నా, బతకాలనిపించకపోయినా టెలీమానస్ 14416కు చేయండి. 2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత సేవ అది, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. పైన చెప్పిన డు నాట్ డిస్టర్బ్ బయటికి చేసే కాల్స్‌ను ఆపదు.

చివరి అడ్డంకి అలారం. ఎన్ని మోడ్‌లు పెట్టినా ‘అలారం కోసం’ అని ఫోన్ దిండు పక్కకే చేరుతుంది, పొద్దున అలారం ఆపిన చేత్తోనే మొదటి రీల్ మొదలవుతుంది. ఫోన్‌ను తలుపు దగ్గరి సాకెట్‌లో పెట్టి, అలారానికి చిన్న టేబుల్ గడియారం కొనుక్కోండి. రెండు మూడు వందల్లో వస్తుంది. ముగ్గురున్న గదిలో అది మోగితే తిట్లు తప్పవు. చేతికి బ్యాండ్ ఉంటే దాని వైబ్రేషన్ అలారం పెట్టుకోవచ్చు. లేదంటే ముగ్గురూ ఒకే టైమ్‌కు ఒప్పుకుని, గడియారం ఎవరి మంచానికి దూరంగా ఉండాలో ముందే తేల్చుకోండి.